బోర్మా దాటిన పప్పుకు విషవాయువు ఎందుకు?

కామారెడ్డి జిల్లా సదాశివనగర్ మండలంలో జీడి చెప్పుకోదగిన పంట కాదు. హైదరాబాదు నుంచి నాగపూరుకు పోయే జాతీయ రహదారి పక్కనున్న ఈ మండల కేంద్రం చుట్టూ కనిపించేవి వరి, మొక్కజొన్న, సోయాచిక్కుడు, కంది. అయినా జీడిపప్పుకు పురుగు పట్టడమనే సమస్య చివరకు బయటపడేది ఇటువంటి ఊళ్లలోనే. పెళ్ళిళ్ల కాలానికో, దసరా దీపావళి పండుగలకో పట్టణం నుంచి తెచ్చిన పప్పు డబ్బా కిరాణా కొట్టులో తెరుచుకుంటుంది. అక్కడి నుంచి గాజు సీసాలోకో పలుచని పాలిథిన్ సంచిలోకో మారుతుంది. నెలా రెండు నెలలు తిరిగేసరికి సీసా అడుగున సన్నని పిండి చేరుతుంది, బద్దల మధ్య సాలెగూటి వంటి దారాలు కనిపిస్తాయి, ఎర్రని చిన్న పెంకు పురుగులు తిరుగుతుంటాయి. అదే కొట్టు వెనుక గదిలో మొక్కజొన్న బస్తాల కోసమని అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రల గొట్టం ఒకటి చేతికి అందేలా ఉంటే, ఆ తరువాత జరగగలదేమిటో విస్తరణ శాస్త్రవేత్తలకు వివరించనక్కరలేదు.

జీడిపప్పు, బాదం వంటి గింజపప్పుల నిల్వపై వెలువడే కరపత్రాలు చాలావరకు ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: పట్టిన పురుగును దేనితో చంపాలి? ప్రశ్న అక్కడ మొదలైతే జవాబు మాత్ర దగ్గరే ముగుస్తుంది. పురుగు లోపలికి ఎక్కడ, ఎప్పుడు వస్తున్నదన్న ప్రశ్నతో మొదలుపెడితే చంపవలసిన అవసరమే చాలా మేరకు తప్పుతుంది. జీడిపప్పు విషయంలో ఈ మాట మరింత నిజం, ఎందుకంటే దాని తయారీలోనే పురుగును పూర్తిగా నశింపజేసే దశ ఒకటి ఉన్నది.

ఆ దశ పేరు బోర్మా. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మార్చి నుంచి మే వరకు కోతకు వచ్చే జీడి పిక్కలు ఎనభై కిలోల బస్తాల లెక్కన పలాస, కాశీబుగ్గ మిల్లులకు చేరుతాయి. ఎండబెట్టిన పిక్కను ఆవిరిలో ఉడికించి, చల్లార్చి, కోసి పప్పును వేరు చేస్తారు. పొట్టుతో ఉన్న ఆ పప్పును బోర్మా అనే వేడిగాలి గదిలో ట్రేలలో పరిచి 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరు నుంచి ఎనిమిది గంటలు ఉంచుతారు. పొట్టు సులువుగా ఊడిరావడానికి, తేమ 5 శాతం లోపుకు దిగడానికి చేసే పని ఇది. పురుగును దృష్టిలో పెట్టుకొని చేసేది కాదు. కాని నిల్వ కీటకాలలో గుడ్డు, లార్వా, ప్యూపా, ప్రౌఢ దశలలో ఏదీ 55 డిగ్రీలకు పైబడిన వేడిని గంటల తరబడి తట్టుకోలేదు. అంటే ట్రే బయటికి వచ్చిన క్షణంలో పప్పులో బతికున్న పురుగు ఉండదు. సదాశివనగర్ కొట్టులో సీసా తెరిచిన నాడు ఉంటుంది. ఈ రెంటి మధ్య ఎక్కడో తలుపు తెరుచుకున్నది.

మొదటి తలుపు మిల్లులోనే ఉంది. బోర్మా నుంచి వచ్చిన పప్పు పొట్టు తీసే బల్లల మీదికి పోతుంది. గంటల తరబడి కూర్చొని చేసే ఈ పనిలో ఉండేవారు దాదాపు అందరూ మహిళలే. గుండు, బద్ద, ముక్కగా విడదీయడం, పౌనుకు ఎన్ని గుండ్లు తూగుతాయన్న లెక్కన 210, 240, 320 అంటూ రకాలు కట్టడం వారి చేతుల మీదుగానే సాగుతుంది. ఆ సమయమంతా పప్పు గాలికి తెరిచే ఉంటుంది. చెక్క బల్లల నెర్రెలలో, జల్లెడల అంచులలో, మూల ఊడ్చిన పొట్టులో, మళ్లీ మళ్లీ వాడే గోనె సంచుల కుట్లలో నిన్నటి ముక్కలు మిగిలిపోతే అవే పురుగులకు పుట్టిళ్లు. ఎర్ర పిండి పురుగు ట్రైబోలియం కాస్టేనియం, నూనెగల పప్పులను మెచ్చే రంపపు పెంకు పురుగు ఒరైజీఫిలస్ మెర్కేటర్ ఇక్కడివే. ఈ రెండూ గట్టి గుండును తొలిచి మొదలుపెట్టగల సమర్థులు కావు. పగిలిన బద్ద, ముక్క, పిండి దొరికిన చోట విజృంభిస్తాయి. అందువల్లనే ఒకే మిల్లు నుంచి వచ్చిన గుండు పప్పు కన్నా ముక్క త్వరగా పాడవుతుంది. చవకగా దొరుకుతుందని మిఠాయి దుకాణాలు కొనేది ఆ ముక్కనే.

రెక్కల పురుగుల తీరు వేరు. ఆంగ్లంలో బాదం పేరుతోనే పిలిచే కాడ్రా కాటెల్లా సాయంకాలం వేళ ఎగిరి వచ్చి గుడ్లు పెడుతుంది. దాని లార్వా దారాలు అల్లుతూ పప్పును ఉండకట్టిస్తుంది. దానికి దగ్గరి బంధువైన ప్లోడియా ఇంటర్‌పంక్టెల్లా లార్వా పలుచని పాలిథిన్ పొరను కొరికి లోపలికి పోగలదు. నిల్వ కీటక శాస్త్రంలో సంచిని తొలిచేవి, ఉన్న రంధ్రంలోంచి దూరేవి అని రెండు తరగతులుగా చెప్పే విభజన విద్యార్థులు పరీక్ష కోసం చదివి మరిచిపోయేది కాకూడదు. ప్యాకింగ్ ఎంపిక మొత్తం దాని మీద ఆధారపడి ఉంటుంది. దూరే పురుగుకు సీలు సరిగా పడితే చాలు. తొలిచే పురుగుకు పొర మందం, పదార్థం కూడా మారాలి.

ఇక విషవాయువు సంగతి. మిథైల్ బ్రోమైడ్‌ను ఓజోన్ పొరను క్షీణింపజేసే పదార్థంగా 1992లో మాంట్రియల్ ఒప్పందం పరిధిలోకి తెచ్చారు. అభివృద్ధి చెందిన దేశాలు 2005 నాటికి, వర్ధమాన దేశాలు 2015 నాటికి దాని సాధారణ వాడకాన్ని మానుకోవలసి వచ్చింది. క్వారంటైన్, ఎగుమతికి ముందు చేసే శుద్ధి మాత్రమే మినహాయింపులో మిగిలాయి. ఆ ఖాళీలోకి ఫాస్ఫీన్ వచ్చింది. మూడు గ్రాముల మాత్ర గాలిలోని తేమను పీల్చి ఒక గ్రాము ఫాస్ఫీన్ విడుదల చేస్తుంది. చవక, తేలిక, దొరకనిది కాదు. దేశంలో ఇది పరిమిత వినియోగ జాబితాలో ఉన్న మందు. ప్రభుత్వ సంస్థలు, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే కీటక నియంత్రణ సంస్థలు మాత్రమే వాడవలసినది. గ్రామాలలో అది ఎంత సులువుగా చేతులు మారుతున్నదో, మింగినవారిని కాపాడే విరుగుడు లేక ఆసుపత్రులలో ఎన్ని ప్రాణాలు పోతున్నాయో తెలిసీ విస్తరణ సాహిత్యం దాన్ని ఇంటి నిల్వకు పరిష్కారంగా ఒక వాక్యంలో రాసి ముందుకు సాగడం క్షమించదగినది కాదు.

ఆ ప్రమాదాన్ని కాసేపు పక్కన పెట్టి చూసినా, శాస్త్రపరంగా కూడా ఫాస్ఫీన్ జీడిపప్పుకు సరిపడే సాధనం కాదు. గుడ్లు, ప్యూపాలు దాన్ని ఇతర దశల కన్నా ఎక్కువగా తట్టుకుంటాయి. అందుకే గాలి చొరబడని కప్పు కింద రోజుల తరబడి గాఢత నిలవాలి. చిరుగుల టార్పాలిన్ కింద, తలుపు సందులకు కాగితం అంటించిన గదిలో అది నిలవదు. పూర్తిగా చావని పురుగుల సంతానంలో తట్టుకొనే శక్తి పెరుగుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1970ల తొలినాళ్లలో జరిపించిన ప్రపంచవ్యాప్త సర్వేలోనే ఫాస్ఫీన్‌కు తట్టుకొనే పురుగులు బయటపడ్డాయి. భారతదేశపు గోదాముల నుంచి సేకరించిన ఎర్ర పిండి పురుగులోనూ, నుసి పురుగులోనూ ఆ శక్తి తరువాత అనేక పరిశోధనలలో నమోదైంది. మరొక మాట కూడా గుర్తుంచుకోవాలి. వాయువు తొలగిన మరుక్షణం నుంచి పప్పుకు రక్షణ లేదు. చచ్చిన పురుగు పప్పులోనే ఉంటుంది, కొనేవాడి కంటికి అదీ లోపమే. సగానికి దగ్గరగా కొవ్వు ఉన్న పప్పు గాలి తగిలి ముక్కిపోవడాన్ని ఫాస్ఫీన్ ఏమాత్రం ఆపదు.

ఆశ్చర్యమేమిటంటే, విషం లేకుండా ఈ మూడు పనులనూ ఒకేసారి చేసే పద్ధతి భారతీయ జీడి వ్యాపారానికి కొత్తది కాదు. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో కొల్లం నుంచి అమెరికాకు పంపిన పప్పు ఓడ ప్రయాణంలోనే పురుగు పట్టేది. తగరపు డబ్బాలో పప్పు నింపి, లోపలి గాలిని తోడివేసి, ఆ స్థానంలో బొగ్గుపులుసు వాయువు పట్టి సీలు వేసే 'వీటా ప్యాక్' విధానం వచ్చిన తరువాతే ఆ వ్యాపారం నిలదొక్కుకుంది. 25 పౌన్ల డబ్బా, అంటే సుమారు 11.34 కిలోలు, దశాబ్దాల పాటు ఎగుమతి కొలమానంగా నిలిచింది. న్యూయార్క్ కొనుగోలుదారుకు దాదాపు వంద సంవత్సరాల కిందటే అందిన రక్షణ సదాశివనగర్ కొనుగోలుదారుకు నేటికీ అందకపోవడానికి సాంకేతిక కారణమంటూ ఏదీ లేదు. దేశీయ మార్కెట్టుకు పోయే సరుకుకు అంత శ్రద్ధ అక్కరలేదన్న వ్యాపార అలవాటే కారణం.

బొగ్గుపులుసు వాయువు పనిచేసే తీరు కూడా తేటగానే ఉన్నది. నిల్వ కీటకాలపై చేసిన పరిశోధనల సారాంశంగా, 25 డిగ్రీలకు తగ్గని ఉష్ణోగ్రతలో గాలిలో 60 శాతం కార్బన్ డయాక్సైడ్ సుమారు 11 రోజులు నిలిస్తే, ఖప్రా పురుగును మినహాయించి, అన్ని ప్రధాన కీటకాల అన్ని దశలూ నశిస్తాయి. తెలుగు నేల మీద ఆ ఉష్ణోగ్రత ఏడాదిలో చాలా నెలలు ఉచితంగానే దొరుకుతుంది. ఫాస్ఫీన్‌తో పోలిస్తే ఇది నెమ్మది. కాని సీలు వేసిన డబ్బా ఎలాగూ వారాల తరబడి ప్రయాణంలోనూ గోదాములోనూ ఉంటుంది కాబట్టి ఆ నెమ్మదితనానికి ధర చెల్లించనక్కరలేదు.

ఇటీవల విస్తరణ వేదికలపై గాలి చొరబడని సంచుల మాట ఎక్కువగా వినిపిస్తున్నది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 1980ల చివర కామెరూన్‌లో అలసంద నిల్వ కోసం మొదలుపెట్టిన పని నుంచి వచ్చిన మూడు పొరల సంచిని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వేరుశనగపై పరీక్షించి, పుచ్చు పురుగు కారియెడాన్ సెరేటస్‌ను అది అదుపు చేస్తుందని చూపింది. చింతకాయను తొలిచే పురుగూ అదే. చింత నిల్వ చేసే గదిలో వేరుశనగ కాయ పెట్టవద్దని చెప్పడానికి అంతకన్నా మంచి ఆధారం అక్కరలేదు. ఈ సంచిలో పురుగు తన శ్వాసతోనే తనకు ఉరి బిగించుకుంటుంది. ఆక్సిజన్ 5 శాతం లోపుకు పడిపోగానే మేత మానుతుంది, దేహానికి కావలసిన నీటిని తయారుచేసుకోలేక ఎండిపోతుంది.

అయితే వేరుశనగకు సరిపోయినది జీడిపప్పుకు అలాగే సరిపోతుందని రాయడం తొందరపాటు. బోర్మా దాటిన పప్పులో తేమ 5 శాతం లోపు, దానికి శ్వాస అంటూ లేదు, పురుగులు కొద్దే. అటువంటి సంచిలో ఆక్సిజన్ తగ్గడానికి చాలా కాలం పడుతుంది. ఈలోగా ఉన్న కొద్దిపాటి పురుగు సంతానాన్ని పెంచుకుంటుంది. అందుకే పప్పుకు సంచి ఒక్కటే చాలదు. లోపలి గాలిని తోడడమో, వాయువు నింపడమో, ఇనుపపొడి గల ఆక్సిజన్ పీల్చే పొట్లం వేయడమో జరగాలి. ఆ పొట్లం వేసినా పొర సాధారణ పాలిథిన్ అయితే బయటి ఆక్సిజన్ మెల్లగా లోపలికి చేరుతూనే ఉంటుంది. గాలిని అడ్డుకొనే బహుళ పొరల సంచే కావాలి. పొట్టు తీయని పిక్క విషయంలో లెక్క తిరగబడుతుంది. సరిగా ఆరని పిక్కను గాలి ఆడకుండా బిగిస్తే పురుగు పోయినా బూజు, పులిసిన వాసన మిగులుతాయి. తేమ 8 శాతం దరికి దిగేదాకా ఎండబెట్టకుండా మూతవేయడం పనికిరాదు. వేసవి జల్లులు పడే ఏడాదిలో ఉద్దానం రైతు దగ్గర ఇదే అసలు చిక్కు.

ఎండ వేడిని పురుగు మీద ప్రయోగించడం కూడా తెలుగు నేలకు కొత్త కాదు. పారదర్శకమైన పాలిథిన్ సంచిలో కందులను పలుచగా నింపి వేసవి ఎండలో ఉంచితే లోపలి వేడి పుచ్చు పురుగును నశింపజేస్తుందని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ శతాబ్దపు తొలినాళ్లలోనే ప్రచురించారు. సదాశివనగర్ రైతు కందికి ఇది చక్కని ఉపాయం. జీడిపప్పుకు, బాదానికి మాత్రం ఎండబెట్టడం రెండంచుల కత్తి. వెలుతురూ వేడీ నూనెను ముక్కిపోయేలా చేస్తాయి. తెల్లని గుండు పసుపు తిరిగితే రకం పడిపోతుంది, దానితో ధరా పడిపోతుంది. పప్పుకు వేడి కావలసినంత బోర్మాలోనే అందింది. మళ్లీ పెట్టడం కన్నా ఆ వేడి సాధించిన శుభ్రతను నిలుపుకోవడమే తెలివైన పని.

కాలిఫోర్నియా వాల్‌నట్ పరిశ్రమకు ఈ సౌకర్యం లేదు. అక్కడ చిప్పతో ఉన్న కాయలోపలి లార్వాను చంపవలసి ఉంటుంది. మిథైల్ బ్రోమైడ్ చేజారిపోతున్న కాలంలో అక్కడి పరిశోధకులు రేడియో తరంగాలతో కాయను లోపలి నుంచే కొద్ది నిమిషాలు వేడెక్కించే పద్ధతిపై ఏళ్ల తరబడి పనిచేశారు. వేడి ఎంత చాలు, ఎంత దాటితే నూనె చెడుతుంది అన్న సన్నని గీతను వెతకడమే ఆ పరిశోధనలో కష్టమైన భాగం. ఇక్కడ మిల్లులకు ఆ యంత్రం అక్కరలేదు. ఆ శ్రద్ధ మాత్రం అక్కరకు వస్తుంది. గామా కిరణాలతో శుద్ధి చేయడానికీ దేశంలో అనుమతి ఉన్నది. గింజపప్పులలో కీటక నిర్మూలనకు 0.25 నుంచి 1 కిలోగ్రే వరకు మోతాదు చెల్లుతుంది. కాని కిరణం కూడా ఫాస్ఫీన్ లాగానే వెనుక రక్షణ మిగల్చదు. సీలు వేసిన ప్యాకెట్టుకు ఇస్తేనే దానికి అర్థం. అంత సీలు వేయగలిగిన మిల్లుకు అందులోనే వాయువు నింపడం ఇంకా సులువు.

ఊదర పూర్తిగా అనవసరమని ఈ వాదానికి అర్థం కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం జీడితోటలను కూల్చివేసిన సంగతి తెలిసినదే. పలాస మిల్లులు నడవడానికి ఆఫ్రికా దేశాల పిక్క కూడా కావాలి. ఓడలో వచ్చే అటువంటి సరుకుకు క్వారంటైన్ నిబంధనల కింద, శిక్షణ పొందినవారు, కొలమానాలతో చేసే శుద్ధి వేరు. పిక్క మీద చేసిన ఆ పనిని చూపి పప్పు మీదా అదే చేయడం, మిల్లు మీద చేసినదాన్ని చూపి కొట్టులోనూ ఇంట్లోనూ చేయడం, ఒకదాని వెంట ఒకటిగా జారిపోయే అలవాటు. ఆపవలసినది అక్కడే.

అలాగే విషానికి బదులు చెప్పే ప్రతిదీ మేలైనదన్న భావనా సరికాదు. కందికి ఆముదం పట్టించడం, పెసలలో వేపాకు వేయడం తరతరాల అనుభవం. వండుకునేముందు కడుగుతారు, ఉడికిస్తారు కాబట్టి చెల్లింది. కడగకుండా తినే జీడిపప్పు వాసనలను ఇట్టే పీల్చుకుంటుంది. పప్పుధాన్యాల కోసం రాసిన పేరాను పేరు మార్చి జీడిపప్పు కరపత్రంలో అతికిస్తే రైతుకు గాని వ్యాపారికి గాని ఒరిగేదేమీ లేదు. కొబ్బరిలో నల్లతల గొంగళిపురుగుపై వదిలే బ్రాకాన్ హెబెటర్ అనే పరాన్నజీవి బాదం రెక్కల పురుగు లార్వానూ కుట్టి చంపుతుంది. ఖాళీ గోదాములో, పిక్క నిల్వలో దాని ఉపయోగం పరిశీలించదగినదే. ప్యాకెట్టులోని పప్పులో మాత్రం మేలు చేసే పురుగైనా పురుగే.

మిల్లులో చేయవలసినది ఆడంబరమైన పని కాదు. చెక్క బల్లల స్థానంలో నెర్రెలు లేని ఉక్కు బల్లలు, రోజూ పొట్టు బయటికి తరలింపు, పప్పుకు పాత గోనె నిషేధం, కిటికీలకు సన్నని జాలీ, రెక్కల పురుగు రాకను ముందే చెప్పే లింగాకర్షక బుట్టలు, అన్నిటికన్నా ముఖ్యంగా బోర్మాకూ సీలుకూ మధ్య గంటల్ని కుదించడం. పొట్టు తీయడం పూర్తయిన సరుకును ఆ పూటే మూసేలా పని వరుసను మార్చుకోగల మిల్లుకు ఊదర ఖర్చు తగ్గుతుంది. మాత్రలు పెట్టిన గది పక్కన కూర్చొని పొట్టు తీసే మహిళకు ఆ తగ్గుదల ఖర్చు లెక్క కన్నా పెద్దది. తెలంగాణలో అశ్వారావుపేట, దమ్మపేట ప్రాంతాల జీడి ఇంకా పెద్ద మిల్లుల చుట్టూ అల్లుకోలేదు. అక్కడ రైతు ఉత్పత్తిదారుల సంఘాలు చిన్న తయారీ కేంద్రాలు పెట్టుకుంటే మొదటి రోజు నుంచే సీలు యంత్రాన్ని బోర్మా పక్కన నిలపవచ్చు. పాత అలవాటును మాన్పించడం కన్నా అది తేలిక.

సదాశివనగర్ వంటి చోట పని ఇంకా చిన్నది. కొట్టువాడు పది కిలోల డబ్బా తెరిచి విడిగా అమ్మే బదులు మిల్లులోనే పావుకిలో, వంద గ్రాముల ప్యాకెట్లుగా మూసిన సరుకు తెప్పించుకుంటే తెరిచి ఉంచే అవసరమే రాదు. ఇంట్లో మిగిలిన పప్పును ఫ్రీజరులో నాలుగైదు రోజులు ఉంచితే గుడ్లతో సహా పురుగు పోతుంది. బయటికి తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయకుండా ఉంటే చెమ్మ పట్టదు. ఇంత సాదా మాట ఎందుకో కరపత్రాలకు ఎక్కదు.

ఉమ్మడి నిజామాబాదు జిల్లాకు రుద్రూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. ప్రతి ఏటా వ్యవసాయ కళాశాలల చివరి సంవత్సరం విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో పల్లెలలో నెలల తరబడి ఉంటారు. వారిలో ఒక జట్టు దసరాకు ముందు ఒకే డబ్బా నుంచి తీసిన ముక్క పప్పును మూడు భాగాలు చేసి, ఒకటి పలుచని పాలిథిన్‌లో, ఒకటి గాజు సీసాలో, ఒకటి ఆక్సిజన్ పీల్చే పొట్లం వేసిన బహుళ పొరల సంచిలో ఉంచి, ఊరి కొట్టు అరమీదే పెట్టవచ్చు. సంక్రాంతికి తెరిచి పురుగుల లెక్క, తేమ, పప్పు రుచి రాసుకోవచ్చు. దుకాణదారును, ఇద్దరు ముగ్గురు గృహిణులను పిలిచి వారి చేతనే సంచులు తెరిపించడం మంచిది. పక్కనే ఒక కాగితం మీద ఒక్కో ప్యాకింగుకు కిలోకు పడిన ఖర్చు, పారేసిన పప్పు విలువ రాసి ఉంచితే దుకాణదారు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంటుంది.